నాలుగు గంటల కోర్టు: కర్నూలు పబ్లిక్ టెన్నిస్ గ్రౌండ్‌లో ఐదేళ్లు

2013 నుంచి ఎనిమిదేళ్లు విశాఖపట్నంలో పబ్లిక్ కోర్టుల్లో కోచింగ్ చేశాను. ఆ తర్వాత సొంతూరు కర్నూలుకు తిరిగొచ్చాను. వచ్చేటప్పుడు ఇక్కడి పని సులువనే అనుకున్నాను. ఉప్పుగాలికి తుప్పు పట్టే స్తంభాలు, తెల్లారినా తడి ఆరని కోర్టులు, హుద్‌హుద్ తుపాను, అన్నీ చూసొచ్చినవాణ్ని. పొడి ఊళ్లో రెండు సిమెంటు కోర్టులు నడపడానికి ఏముందిలే అన్న ధీమా. ఆ ధీమా మొదటి వేసవి దాటలేదు. ఈ రెండు కోర్టుల మీద ఏం చేశామో, ఎక్కడ దెబ్బతిన్నామో, చివరికి ఏది నిలబడిందో ఇక్కడ రాస్తున్నాను. జిల్లా కేంద్రాల్లో ఇలాంటి గ్రౌండ్లు చూసుకునే పీఈటీలు, కోచ్‌లు నా తప్పులన్నీ మళ్లీ చేయనక్కర్లేదు.

దొరికిన గ్రౌండ్

ఊరి మధ్యలో ఉన్న గ్రౌండ్ ఇది. వాకింగ్ ట్రాక్, క్రికెట్ పిచ్, ఒక మూలగా రెండు టెన్నిస్ కోర్టులు. ఒకటి ఉత్తర దక్షిణాలుగా ఉంది, దాన్ని పెద్ద కోర్టు అంటారు. రెండోది స్థలం కలిసిరాక తూర్పు పడమరలుగా వేశారు, దాని పేరు అడ్డకోర్టు. రెండూ ఒకే కొలత. గీతల వరకు 78 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు, చుట్టూ పరుగెత్తే చోటుతో కలిపి 120కి 60. మరి ఒకటి పెద్దదెలా అయిందో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

మొదటి వారం రాకెట్ పట్టుకోలేదు. నోట్‌బుక్ తీసుకుని గట్టు మీద కూర్చున్నాను. ఎవరు ఎప్పుడొస్తున్నారు, ఎంతసేపు ఆడుతున్నారు, ఎవరు చూసి వెళ్లిపోతున్నారు, ఇవే రాసుకున్నాను. తెల్లవారుజామున ఐదున్నరకు మార్నింగ్ బ్యాచ్ దిగుతుంది. డాక్టర్లు, వ్యాపారస్తులు, ఇద్దరు ముగ్గురు రిటైర్డ్ ఆఫీసర్లు. ఏడున్నర దాకా డబుల్స్ ఆడి, నెట్ చుట్టి, గదిలో పెట్టి తాళం వేసి వెళ్లిపోతారు. అప్పటికి పిల్లలు సైకిళ్ల మీద వస్తారు. నెట్ ఉండదు. కాసేపు ఫెన్సింగ్‌కు బంతి కొట్టుకుని, ఎండ ఎక్కగానే ఇంటికి పోతారు.

వాచ్‌మన్‌ను అడిగితే నవ్వాడు. ‘కోర్టు గవర్నమెంటుది సార్, నెట్టు మాత్రం వాళ్లది’ అన్నాడు.

మార్నింగ్ బ్యాచ్‌ను తప్పుపట్టడం తేలిక. నేనూ మొదట అదే చేశాను. తర్వాత తెలిసింది, ఏళ్ల తరబడి ఆ గ్రౌండ్ వైపు ఎవరూ చూడని రోజుల్లో నెట్ కొన్నదీ, గీతలు వేయించిందీ, పగుళ్లలో తారు పోయించిందీ వాళ్లే. వాళ్లు లేకపోతే ఈపాటికి అక్కడ పార్కింగ్ ఉండేది.

ఎండలో గంటల లెక్క

నోట్‌బుక్‌లో తేలిన అసలు విషయం వేరే. మే నెలలో కర్నూలులో సూర్యోదయం దాదాపు 5.45కి, సూర్యాస్తమయం 6.40కి. పొద్దున ఎనిమిదిన్నర దాటాక పిల్లల్ని ఆడించలేం. సాయంత్రం ఐదుంపావు దాకా సిమెంటు సెగలు కక్కుతూనే ఉంటుంది. అంటే పొద్దున రెండు గంటల ముప్పావు, సాయంత్రం గంటన్నర లోపు. మొత్తం కలిపి రోజుకు నాలుగు గంటల చిల్లర. కాగితం మీద మనకు రెండు కోర్టులున్నాయి, నిజానికి ఉన్నది నాలుగు గంటలు. ఆ నాలుగింటిలో మొదటి రెండు మార్నింగ్ బ్యాచ్‌వి.

విశాఖలో ఈ లెక్క వేరుగా ఉంటుంది. అక్కడ ఎండ కంటే తడి ఎక్కువ గంటలు తింటుంది. వానలో కోర్టు పోతుంది, శీతాకాలం రాత్రుళ్లు మంచు పడి గీతల మీద కాలు జారుతుంది, చెమట ఆరదు. కానీ పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలవుతుంది, మబ్బు పట్టిన రోజు నాలుగింటికే ఆట మొదలుపెట్టొచ్చు. చెన్నైలో నుంగంబాక్కం స్టేడియంలో జరిగిన ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టూర్) టోర్నమెంట్‌ను 2017లో ఆగేదాకా ఏళ్ల తరబడి జనవరి మొదటి వారంలోనే పెట్టేవారు. ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు కొద్దిగా ముందు కావడం ఒక కారణం. ఆ సముద్రతీర నగరంలో ఆటగాడికి ఊపిరాడే నెల అది కావడం ఇంకో కారణం అనుకుంటాను. అప్పట్లో నాకు ఆ రెండో సంగతి మీద ధ్యాస లేదు.

వేడిని కొలిచే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నేను బోల్తా పడింది అక్కడే. టెన్నిస్‌లో మామూలు థర్మామీటర్‌ను నమ్మరు. డబ్ల్యూబీజీటీ (వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్) అనే లెక్క చూస్తారు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించేదానికి 70 శాతం, ఎండలో పెట్టిన నల్ల గోళం లోపలి వేడికి 20 శాతం, నీడలోని గాలి వేడికి 10 శాతం ఇచ్చి కలుపుతారు. మహిళల టూర్‌లో వేడి నియమం 1992 నుంచీ ఉంది. పురుషుల ఏటీపీ టూర్‌లో ఆలస్యంగా, 2026 సీజన్ నుంచి తెచ్చారు. మూడు సెట్ల మ్యాచ్‌లో ఈ అంకె 30.1కి చేరితే రెండో సెట్ తర్వాత పది నిమిషాల విరామం ఇవ్వొచ్చు, 32.2 దాటితే ఆట ఆపేస్తారు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. కర్నూలు మే ఎండ 41 డిగ్రీలు, గాలిలో తేమ చాలా తక్కువ కాబట్టి తడిగుడ్డ థర్మామీటర్ 22 దగ్గర ఉంటుంది, నల్ల గోళం 55 అనుకుందాం. లెక్క 30.5 వస్తుంది. విశాఖలో ఉక్కపోసే రోజు 33 డిగ్రీలే, కానీ తడిగుడ్డ 29 చూపిస్తుంది, గోళం 45. లెక్క 32.6. అంటే థర్మామీటర్ ఎనిమిది డిగ్రీలు తక్కువ చూపించే చోటే ఒంటికి ఎక్కువ ప్రమాదం. తేమగాలిలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లార్చదు.

ఈ లెక్క తప్పు కాదు. దాన్ని నమ్మి నేను చేసిన పని తప్పు.

మే టోర్నమెంట్

తిరిగొచ్చిన మరుసటి వేసవి సెలవుల్లో అండర్-14 బాలుర టోర్నమెంట్ పెట్టాం. పిల్లలకు స్కూలు ఉండదు, తల్లిదండ్రులకు తీరిక, ఇంకేం కావాలి. 32 మంది డ్రా. మూడు రోజుల్లో ముగిద్దామని, పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా, మళ్లీ నాలుగు నుంచి చీకటి పడేదాకా షెడ్యూల్ వేశాను. ‘విశాఖ ఉక్కలోనే ఆడించాం, ఇది పొడి వేడి, ఏం కాదు’ అని పిల్లల తండ్రులకు ధైర్యం కూడా చెప్పాను.

ఓడినవాళ్లు తప్పుకుంటూ పోయే 32 మంది డ్రా అంటే 31 మ్యాచ్‌లు. పూర్తి మూడు సెట్ల మ్యాచ్ సగటున గంటన్నర అనుకుంటే 46 గంటల 30 నిమిషాలు. రెండు కోర్టులకు పంచితే కోర్టుకు 23 గంటల పైన. నిజంగా ఆడదగ్గ గంటలు రోజుకు నాలుగైతే ఆరు రోజుల పని అది. నేను ఆడకూడని గంటలను అరువు తెచ్చి మూడు రోజుల్లో కుక్కాను. ఈ భాగహారం టోర్నమెంట్‌కు ముందు చేయాల్సింది, తర్వాత చేశాను.

రెండో రోజు పదింపావుకి అడ్డకోర్టు మీద ఒక పిల్లాడికి రెండు పిక్కలూ పట్టేశాయి. కింద కూర్చున్నాడు, వాంతి చేసుకున్నాడు. నీడలోకి తెచ్చి, తడి తువ్వాళ్లు వేసి, ఓఆర్ఎస్ తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. సాయంత్రానికి కోలుకున్నాడు. వాళ్లమ్మ నన్ను ఒక్క మాటే అడిగింది: ‘వాడి చొక్కా తడవలేదు కదా సార్, చెమట పట్టలేదనుకున్నా. మరి ఎందుకిలా అయింది?’

చెమట పట్టింది. పట్టింది పట్టినట్టే ఆరిపోయింది. విశాఖలో చొక్కా పిండితే నీళ్లు కారతాయి, పిల్లాడు భయపడి తనే నీళ్లు అడుగుతాడు. ఇక్కడ ఒంట్లోంచి నీరు పోతున్నట్టు తెలియదు. దాహం వేసేసరికే ఆలస్యం. పైగా ఏ అంకెలోనూ కనబడని ఇంకొకటి ఉంది, కోర్టు నేల. ఎండకు కాలిన సిమెంటు వేడి బూటు అడుగులోంచి పాదానికి ఎక్కుతుంది. టేబుల్ దగ్గర నీడలో కూర్చుని 30.5 చూసుకుంటున్న నాకు అది తగల్లేదు.

టోర్నమెంట్ ఆపేశాం. ఎంట్రీ ఫీజులు వెనక్కిచ్చాం. కప్పులు బీరువాలో ఉండిపోయాయి.

అప్పట్నుంచి మా గ్రౌండ్‌లో ఒక పద్ధతి ఉంది. ప్రతి పిల్లాడి సీసా మీద మార్కర్‌తో గీతలు ఉంటాయి, కోర్టు మారినప్పుడల్లా ఒక గీత దాకా తాగాలి, దాహం ఉన్నా లేకపోయినా. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్లకే. చిక్కగా ఉంటే బలం అని కొందరు తల్లులు అర లీటరులో కలుపుతారు, అది మంచిది కాదు. మిగతావాళ్లకు ఉప్పేసిన పలుచని మజ్జిగ.

అడ్డకోర్టుకు ఉపాయం

కోర్టులను ఉత్తర దక్షిణాలుగా వేయాలనేది పుస్తకంలో మొదటి పేజీ సంగతి. మామూలు ఊళ్లో తప్పి అడ్డంగా వేసినా పగటిపూట సర్దుకుపోవచ్చు. మన ఊళ్లో సర్దుకోలేం. ఎండ వల్ల మనకు మిగిలేవే పొద్దున మొదటి గంటలు, సాయంత్రం చివరి గంట. సరిగ్గా అప్పుడే సూర్యుడు కిందికి ఉంటాడు, అడ్డకోర్టులో ఒక వైపు ఆటగాడి కళ్లలోకి సూటిగా కొడతాడు. సర్వీస్‌కు బంతి పైకి వేస్తే కనపడదు. అందుకే ఆ కోర్టు ఎప్పుడూ ఖాళీ.

దీనికి మందు చిన్నపిల్లల కోర్టుల్లో దొరికింది. పదేళ్ల లోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి నియమం పెట్టింది. అందరికంటే చిన్నవాళ్లకు నెమ్మదిగా వచ్చే ఎర్ర బంతి, 36 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పున్న చిన్న కోర్టు. ఈ 36 అడుగులు పెద్దవాళ్ల డబుల్స్ కోర్టు వెడల్పుతో సరిగ్గా సమానం. అంటే అడ్డకోర్టు మీద చిన్న కోర్టులను అడ్డంగా గీస్తే అవి ఉత్తర దక్షిణాలుగా తిరుగుతాయి! మధ్యలో నెట్ తీసేసి, కోర్టు పొడవునా తాడు కట్టి, దానికి తల్లులు తెచ్చిన పాత చీరలు వేలాడదీశాం. సుద్దతో నాలుగు కోర్టులు గీశాం. ఇద్దరు ఆడే చోట ఎనిమిది మంది పిల్లలు, ఎవరి కళ్లలోనూ ఎండ పడకుండా.

నేను ఈ గ్రౌండ్‌లో చేసిన పనుల్లో దాదాపు ఖర్చే లేనిది ఇదే, అందరికంటే ఎక్కువమందికి పనికొచ్చిందీ ఇదే. ఈ ఆలోచన రావడానికి ఏడాది పట్టిందంటే సిగ్గుగానే ఉంటుంది.

పక్క జిల్లాలో 2010లోనే పిల్లల టెన్నిస్ ఎలా ఉండాలో చూపించారు. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్‌తో కలిసి రఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూల్ తెరిచింది, ప్రారంభానికి నాదల్ స్వయంగా వచ్చాడు. అక్కడ పిల్లలకు టెన్నిస్‌తో పాటు ఇంగ్లిష్, కంప్యూటర్ నేర్పుతారు. మా పిల్లల్ని వ్యాన్‌లో తీసుకెళ్లి చూపించాను. తిరుగు దారిలో ఒకడు అడిగాడు, ‘సార్, మన నెట్టు రోజూ ఎవరు కడతారు?’ వాడికి నచ్చింది అక్కడి కోర్టులు కాదు, అక్కడ నెట్లు ఎప్పుడూ కట్టే ఉండటం.

పలక, నెట్టు

మార్నింగ్ బ్యాచ్‌తో మాట్లాడక తప్పలేదు. అందరికంటే పెద్దాయన, పాతబస్తీలో బట్టల వ్యాపారం. నేను రాసుకెళ్లిన టైమ్ టేబుల్ చూసి కాగితం మడిచి తిరిగిచ్చాడు.

‘ఏమప్పా, ఇన్నేళ్లుగా మా చేతి డబ్బులతో నడుపుకుంటున్నాం. నిన్న వచ్చి మాకు గంటలు పంచుతావా?’

ఆయనకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. అందుకని వాదించలేదు. ‘పెద్దాయనా, మీ నెట్టు నాకొద్దు. గ్రౌండ్‌కు వేరే నెట్టు కొంటాను. అది పగలూ రాత్రీ కట్టే ఉంటుంది. పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా పెద్ద కోర్టు మీకే, ఆ తర్వాత పలక మీద ఎవరి పేరుంటే వాళ్లది’ అన్నాను. ఆరు నెలల తర్వాత, సంక్రాంతికి మళ్లీ పెట్టిన టోర్నమెంట్ ఎంట్రీ ఫీజుల్లోంచి నిజంగానే నెట్టు కొన్నాం. పైపట్టీ మీద పెయింట్‌తో ‘గ్రౌండ్ నెట్’ అని రాశాం. మధ్యలో మూడడుగుల ఎత్తు ఉండాలి కాబట్టి ఆ కొలతతో ఒక కర్ర కోసి పోస్టుకు కట్టాం.

పలక అంటే మామూలు బడి పలకే. గది గోడకు వేలాడుతుంది, పక్కన సుద్దముక్క. ముప్పావు గంటకో గడి. ఎవరూ ఎదురుచూడకపోతే ఎంతసేపైనా ఆడుకోవచ్చు, ఎదురుచూస్తుంటే ఒక సెట్ అయ్యాక దిగాలి. ముందు రోజు బుకింగ్ లేదు. యాప్ పెడదామని ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్లు అన్నారు, నేను ఒప్పుకోలేదు. యాప్‌లో ఇంట్లోంచి గంట పట్టేసుకుని రానివాళ్లు ఉంటారు. పలక మీద పేరు రాయాలంటే గ్రౌండ్‌కు రావాలి. పోతే, ఆడపిల్లలు తెల్లవారుజామున రావడానికి ఇంట్లో ఒప్పుకోరు కాబట్టి సాయంత్రం ఐదున్నర గడి వాళ్లకు విడిచిపెట్టాం. మొదటి రెండు నెలలు ఆ గడి ఖాళీగా ఉండేది. అయినా ఎవరికీ ఇవ్వలేదు. మూడో నెల నుంచి నిండింది.

లైట్లు

మూడో కోర్టు కోసం దరఖాస్తు పెడదామని అందరూ అన్నారు. నేను లైట్లు అడుగుదామన్నాను. వేసవిలో మూడో కోర్టు ఇచ్చేది ఇంకో నాలుగు గంటలు. లైట్లుంటే రెండు కోర్టులూ ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా నడుస్తాయి, అదీ నేల చల్లబడ్డాక. విశాఖలో రాత్రి ఆటకు మంచు అడ్డం, ఇక్కడ వేసవి రాత్రి కోర్టు ఎండుకట్టెలా ఉంటుంది. అడ్డకోర్టుకైతే సూర్యుడి బెడదే ఉండదు. క్లబ్ స్థాయి ఆటకు 300 లక్స్ వెలుతురు చాలు, స్టేడియం లైట్లు అక్కర్లేదు. ఒక దాత, కొంత చందా, కొంత ప్రభుత్వ నిధి కలిసి రెండో ఏడాది చివరికి వచ్చాయి. వానాకాలం అయ్యాక దీపావళి ముందు కొన్ని రోజులు కేసీ (కర్నూలు-కడప) కాలువ కింది వరి పొలాల పురుగు లైట్ల చుట్టూ ముసురుతుంది. ఆ పది పదిహేను రోజులు రాత్రి ఆట బంద్. దీనికి మందు లేదు.

సంక్రాంతి టోర్నమెంట్

మళ్లీ టోర్నమెంట్ పెట్టే ధైర్యం రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఈసారి క్యాలెండర్ ముందు పెట్టుకుని గంటలు లెక్కేశాం. జనవరిలో కర్నూలులో పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా ఆడొచ్చు, మధ్యాహ్నం కూడా. అంటే అవే రెండు కోర్టులు పదకొండు గంటలిస్తాయి. మే నెలకు దాదాపు మూడింతలు. చెన్నై వాళ్లు జనవరి పట్టుకున్నది ఊరికే కాదని అప్పుడు వెలిగింది.

ఫార్మాట్ కూడా మార్చాం. నాలుగు గేముల చిన్న సెట్లు, డ్యూస్ (40-40) దగ్గర ఒకే పాయింట్‌తో గేమ్ తేల్చడం, సెట్లు సమానమైతే మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్. ఇవన్నీ నిబంధనల పుస్తకంలో అనుమతించినవే. మ్యాచ్ నలభై నిమిషాల్లో తేలిపోతుంది. 31 మ్యాచ్‌లకు 20 గంటల 40 నిమిషాలు, కోర్టుకు పది గంటల చిల్లర. కోర్టు గంటల లెక్కలో ఒక ఈవెంట్ ఒక రోజు పని! మాది ర్యాంకింగ్ టోర్నీ కాదు కాబట్టి ఈ స్వేచ్ఛ ఉంది. కొందరు తండ్రులు ‘ఇది అసలు టెన్నిస్ కాదు’ అని సణిగారు. వాళ్ల పిల్లలు రెండు మ్యాచ్‌లకు బదులు కన్సొలేషన్ డ్రాతో (ముందే ఓడినవాళ్లకు పెట్టే పోటీ) కలిపి నాలుగు ఆడేసరికి సద్దుకున్నారు.

ఒక్కదాంట్లో మాత్రం పట్టుబట్టాను. ఒకే పిల్లాడికి మ్యాచ్‌కు మ్యాచ్‌కు మధ్య కనీసం గంటన్నర విశ్రాంతి. దీనికి నేను అందరికీ చెప్పే కథ ఒకటుంది. 2008 చెన్నై ఓపెన్ సెమీఫైనల్లో నాదల్, మోయా 3 గంటల 54 నిమిషాలు కొట్టుకున్నారు. మూడు సెట్లూ టైబ్రేక్‌లే. నాదల్ గెలిచాడు. మర్నాడు ఫైనల్లో యూజ్నీ చేతిలో 6-0, 6-1తో ఓడిపోయాడు. నాదల్ ఒళ్లే అంతసేపు ఆడాక మర్నాటికి కోలుకోలేదు, మన పన్నెండేళ్ల పిల్లాడి ఒళ్లు అరగంటలో ఎలా కోలుకుంటుంది?

సంక్రాంతి సెలవులకు ఊళ్లోకి బెంగళూరు, హైదరాబాద్ ఉద్యోగస్తులు వస్తారని మేం లెక్కలోకి తీసుకోలేదు. 35 దాటినవాళ్ల డబుల్స్‌కు అడిగి మరీ పేర్లిచ్చారు. పాతికేళ్ల కింద ఇదే కోర్టులో ఆడి వెళ్లినవాళ్లు కొందరు. బట్టల వ్యాపారం పెద్దాయన అరవై దాటిన వయసులో, తను ఒకప్పుడు బంతులు ఏరించుకున్న కుర్రాడితో జోడీ కట్టి సెమీస్ దాకా వెళ్లాడు. ఆ కుర్రాడికి ఇప్పుడు నలభై ఏళ్లు. పొద్దున ఉగ్గాని బజ్జీ ఖర్చంతా తనదే అన్నాడు. ఆ రోజు నుంచి పలక మీద పొద్దున ఐదున్నర గడిలో ఆయనే స్వయంగా సుద్దతో పేరు రాస్తున్నాడు.

బీరువాలోని పాత కప్పులు ఆ టోర్నమెంట్‌లో ఇచ్చేశాం. వాటి మీద వేరే సంవత్సరం ఉంది. ఎవరూ అడగలేదు.

గాలి, నేల

విశాఖ నుంచి తెచ్చిన పాఠాల్లో పూర్తిగా పనికొచ్చింది ఒకటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కోర్టు ఫెన్సింగ్ స్తంభాలు వంగిపోయాయి. జాలీ ఒక్కటే ఉంటే గాలి దూరిపోయేది. దానికి కట్టిన గ్రీన్ నెట్ తెరచాపలా గాలిని పట్టి స్తంభాలను లాగేసింది. కర్నూలుకు హుద్‌హుద్ లాంటి తుపాను గాలి రాదు గానీ ఆషాఢం గాలి తక్కువది కాదు. ఊరికే ఇన్ని గాలిమరలు పెట్టలేదు ఇక్కడ. అందుకని గ్రీన్ నెట్‌ను ఇనుప తీగతో కట్టకుండా పలుచని ప్లాస్టిక్ టైలతో కడతాం. గట్టి గాలొస్తే టైలు తెగి నెట్ ఊడిపోతుంది, స్తంభం మిగులుతుంది. ఏటా ఒకసారి కట్ట టైలు కొనాలి, అంతే.

నేల దగ్గర మాత్రం విశాఖ అనుభవం నన్ను తప్పుదారి పట్టించింది. అక్కడ నా శత్రువు తుప్పు. ఇక్కడ నల్లరేగడి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా వేసిన సిమెంటు పలక ఏడాదికోసారి లేచి దిగుతూ ఉంటే పగలక ఏం చేస్తుంది. పెద్ద కోర్టులో బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దగ్గర ఒక పగులు ఏప్రిల్లో వేలు పట్టేంత తెరుచుకుంటుంది, సెప్టెంబరులో గీతంత అవుతుంది. ఎండాకాలం దాన్ని నింపితే వానాకాలం నింపింది పైకి పొంగుతుంది. వానాకాలం నింపితే ఎండాకాలం ఊడిపోతుంది. నేను మొదటి ఏడాది చేసిన అన్నిటికంటే ఖరీదైన తప్పు, ఆ పగులు మీదుగా రంగు యాక్రిలిక్ పూత వేయించడం. ప్రారంభం రోజు ఫొటోల్లో చాలా బాగుంది. ఏడాది తిరక్కుండా అదే చోట చిట్లింది. కాంట్రాక్టర్‌ను తిట్టుకున్నాం గానీ అతను ముందే చెప్పాడు, ‘కింద నేల సంగతి చూడకుండా పైన ఏం వేసినా ఇంతే సార్’ అని. నేనే వినలేదు.

నీళ్లు నిలవడం ఇంకో గోల. కోర్టు మొత్తం ఒకే వాలులో, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు, పదడుగులకు అంగుళం చొప్పున వాలాలి. 60 అడుగుల వెడల్పుకు ఆరంగుళాలు. మా కోర్టుకు నెట్ దగ్గర ఎత్తు, రెండు బేస్‌లైన్ల వైపు పల్లం. ట్యాంకర్‌తో నీళ్లు కొట్టించి, గంట ఆగి, నిలిచిన గుంటల్లో రూపాయి బిళ్ల పెట్టి చూశాం. బిళ్ల మునిగిన ప్రతి చోటా సుద్దతో గీత గీస్తే కోర్టు మీద జిల్లాల మ్యాప్ తయారైంది.

ఇప్పుడు మేం అనుకుంటున్నది వేరే దారి. పెద్ద కోర్టు సిమెంటు తీసేసి, రేగడిని రెండు మూడు అడుగులు తవ్వేసి, ఉబ్బని గరుసు తెచ్చి పొరలు పొరలుగా దిమ్మిస చేసి, చుట్టూ కాలువ తీసి, పైన ఎర్రమట్టి కోర్టు వేయాలని. పాతరోజుల్లో మన దగ్గర మట్టి కోర్టులే ఉండేవి, పేడతో అలికేవారు. మట్టి కోర్టు పగిలితే మట్టితోనే పూడ్చుకోవచ్చు, కాంట్రాక్టర్ అక్కర్లేదు. మోకాళ్లకు మంచిది, ఎండకు సిమెంటంత కాలదు. చిక్కల్లా నీళ్లు. ఎండాకాలం రోజుకు రెండు మూడుసార్లు తడపకపోతే దుమ్ము లేస్తుంది. సముద్రం దగ్గరైతే కాల్షియం క్లోరైడ్ చల్లితే అది గాలిలో తేమ పీల్చి మట్టిని పట్టి ఉంచుతుంది, మన మే నెల మధ్యాహ్నం గాలిలో పీల్చడానికి తేమ ఏదీ? బోరు నీళ్లు వాడదామంటే గ్రౌండ్‌లో చెట్లకే చాలవు. మార్నింగ్ బ్యాచ్ సిమెంటే ఉండనీమంటోంది, పిల్లల తల్లిదండ్రులు మట్టి అంటున్నారు, నేను రెండింటికీ తలూపుతున్నాను. అడ్డకోర్టు మాత్రం సిమెంటుగానే ఉంటుంది, ఎర్ర బంతి పిల్లలకు గీతలు గీసుకోవడానికి అదే వీలు.

ఇంకా కానివి చాలా ఉన్నాయి. ఆడపిల్లల మరుగుదొడ్డి తాళం ఇప్పటికీ వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది, అతను టీకి వెళ్తే అంతే. రాకెట్లలో తెగిన గట్స్ (వల తీగలు) మళ్లీ వేయించడానికి బస్సు పార్సిల్‌లో హైదరాబాద్ పంపుతున్నాం, వారం పడుతుంది. గరుసు మార్చిలోనే తోలించమని అడిగాను, ఎందుకంటే తవ్విన గుంతలో ఒక్క వాన పడిందా, రేగడి బురదలో లారీ దిగబడుతుంది. ఇది రాసే రోజుకు ఏప్రిల్ రెండో వారం. గరుసు రాలేదు. బేస్‌లైన్ పగులులోకి పొద్దున వేలు పెట్టి చూశాను, రెండో కణుపు దాకా పోయింది.